నీలమ్మవ్వ కంది చేని బాట

బషీరాబాద్ దగ్గరి రాళ్ల గని గుడిసెల నుంచి,
గురువారం పొద్దున.

అమ్మ పాదాలకు మొక్కి నీ పెద్దబిడ్డ మల్లమ్మ రాస్తున్నది. తమ్ముడూ సాయిలూ, దీన్ని అమ్మకు నిదానంగా చదివి వినిపించు. నాయిన పక్కనుంటే కాస్త గొంతు పెంచు. ఆయనకు సగం వినపడదు, మిగతా సగం విననట్టే కూర్చుంటాడు. మీరంతా ఒంట్లో బాగున్నారనుకుంటేనే నాకు ఇక్కడ ముద్ద దిగుతుంది. నల్లగొర్రె ఈనిందా? అమ్మ మోకాళ్లు ఎట్లా ఉన్నాయి? మేము బాగున్నాము. నేనూ బాగున్నాను, కడుపులో పిల్ల కూడా బాగుంది. ఫికరు పెట్టుకోకండి.

నీ అల్లుడు తెల్లారకముందే గనికి పోతాడు. పొద్దుగూకి తిరిగి వచ్చేసరికి జుట్టూ కనుబొమ్మలూ తెల్లబడి ముసలాయనలాగా ఉంటాడు. కడుక్కున్నాక మళ్లీ పడుచువాడవుతాడు. రోజూ చూసినా నాకు నవ్వొస్తుంది. తిండికి కొదవలేదు. జొన్నరొట్టె, పల్లీల పొడి, దొరికిన రోజు పుంటికూర. నీళ్లబావి దగ్గర సగం మంది కన్నడం మాట్లాడతారు. మొదట్లో వాళ్లు నన్నే ఏదో అంటున్నారని మూతి ముడుచుకునేదాన్ని. ఇప్పుడు సగం అర్థమవుతున్నది. వాళ్లు నా గురించి ఏమీ అనడం లేదు, వాళ్ల కోడళ్ల గురించే అంటున్నారు.

పగలు ఒక్కదాన్నే ఉంటే మాత్రం తోచదు. ఈ నెలల్లో నాకు నిద్రకూ మెలకువకూ తేడా తెలియడం లేదమ్మా. పొద్దున బిందె పట్టుకుని బయటికొస్తే అంతా మంచు. చేలన్నీ కంది పూతతో పచ్చగా, పైన పొగలాగా మంచు, మధ్యలో బాట కొంచెం దూరం కనిపించి మాయమైపోతుంది. దాని చివర నువ్వు నెత్తిన గంప పెట్టుకుని నడిచి వస్తున్నట్టే ఉంటుంది. దగ్గరికొచ్చేసరికి ఎవరో గడ్డిమోపు ఎత్తుకున్న ఆడమనిషి. రెండు మూడుసార్లు ‘అమ్మా’ అని పిలిచాను కూడా. ఆమె నన్ను చూసి నవ్వి, ఏదో కన్నడంలో అని పోయింది.

ఆ బాట సంగతి రాయాలనే కూర్చున్నాను. ఈ ఊళ్లో సోమవారం ఎద్దుల మెడ మీద కాడి పెట్టరు. ఆ రోజు సేద్యం ఉండదు కాబట్టి మొగులప్ప తాత అని ఒక పెద్దాయన ఇంటింటి ముందూ నిలబడి కేకేస్తాడు. ఇష్టమున్నవాళ్లు పారో గంపో పట్టుకుని వెళ్లి, గుడిసెల నుంచి రైలు స్టేషను దాకా పోయే కాలిబాటను బాగుచేస్తారు. తుమ్మకొమ్మలు కొట్టేస్తారు, వానకు కోసుకుపోయిన చోట మొరం పోస్తారు. కూలి లేదు, బలవంతమూ లేదు. మొదటి వారం నేను చూడడానికి పోయాను. రెండోవారం గంప అందుకున్నాను. బరువు మోయనివ్వరులే, గులకరాళ్లు ఏరి పోస్తాను. గంప అందించుకునేటప్పుడు చేతికి చేయి తగులుతుంది చూడు, అప్పటి నుంచే నాకు ఈ ఊరు కొంచెం నా ఊరైంది.

వాగు ఒడ్డున ఎప్పుడూ జారుడే కదా, అక్కడ గనిలో పారేసిన నాపరాతి ముక్కలు పరుద్దామని మనవాళ్లే అన్నారు. మనవాళ్లంటే రాయి కొట్టేవాళ్లు. రాయి చేతిలో పడితే నున్నటి ముఖం పైకి పెట్టడమే వాళ్లకు అలవాటు. షావుకారు ఇంటి వాకిలిలాగా ఎంత ముద్దుగా పరిచారో. నీ అల్లుడైతే తుండుగుడ్డతో తుడిచి మరీ చూసుకున్నాడు. ఆ సాయంత్రమే చినుకు పడింది. అందరికంటే ముందు జారి పడింది ఆయనే. వెనకాల వచ్చిన గొర్రెల మంద ఆ రాళ్ల ముందు నిలబడిపోయి, ఎంత అదిలించినా కాలు పెట్టలేదు. మొగులప్ప తాత నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, “గొర్లకున్నంత సోయి మనకు లేకపాయె. తిప్పేయుండ్రి, గరుకు మొకం మీదికి” అన్నాడు. మరుసటి సోమవారమంతా వేసిన రాళ్లే తీసి తిరగేశాము. ఇప్పుడు ముసలివాళ్లు కూడా చేతికర్ర లేకుండా దాటుతున్నారు.

అయినా ఆ బాట నీలమ్మవ్వ కంది చేను దగ్గర ఆగిపోతుంది. నీకు తెలిసిన చోటే అది. పాత బాట ఆమె చేను మధ్య నుంచే పోయేది. పోయిన ఏడాది ఆమె అడ్డంగా ముళ్లకంప వేసి మూసేసింది. వానాకాలంలో నువ్వు వచ్చినప్పుడు ఆ కంప తప్పించడానికే వాగు అంచున నిన్ను బురదలో తిప్పుకొచ్చాము. నీ కాలు మెలికపడింది, చెప్పు బురదలోనే పోయింది. నువ్వు బండెక్కుతూ, “గీ ఊర్ల మళ్ల కాలు పెట్ట. ఏడో నెల వడంగనే అల్లుణ్ణే తోల్కరమ్మను” అన్నావు. మా అత్తమ్మేమో పుట్టింటివాళ్లు వచ్చి ఈ గడపలో ఒడి నింపనిదే నన్ను కాన్పుకు కదలనీయనంటున్నది. వచ్చే నెలే ఏడో నెల. నువ్వు రావు, ఆమె పంపదు. మీ ఇద్దరి పంతాల మధ్య నేను ఇక్కడే ఉండిపోతానేమోనని నాకు దిగులుగా ఉందమ్మా.

మగవాళ్లు కొందరు కంప లాగేస్తామన్నారు. మొగులప్ప తాత ఒప్పుకోలేదు. “అవ్వ చెప్పందే ఒక్క ముల్లు గూడ ముట్టద్దు. మనం బాట బాగుచేసెటోళ్లం గని గుంజుకునెటోళ్లం కాదు” అన్నాడు. రాళ్లన్నీ కంపకు ఇవతల కుప్పపోసి ఇళ్లకు వచ్చేశారు.

మొన్న సోమవారం అందరూ పోయాక నేను ఒక్కదాన్నే అక్కడ కూర్చున్నాను. ఎండ మెత్తగా ఉంది, కంది పూత మీద తేనెటీగల రొద. కళ్లు మూతలు పడుతున్నాయి. చేనులో నుంచి నీలమ్మవ్వ వచ్చి కంపకు అటువైపు కూర్చుంది. ముళ్ల సందుల్లో నుంచే మాట్లాడుకున్నాము. కంప ఎందుకు పెట్టావని నేను అడగనే లేదు, ఆమే చెప్పింది. “పోయెటోడు ఒక కొమ్మ ఇర్వవట్టె, వచ్చెటోడు ఒక కొమ్మ ఇర్వవట్టె. ఒంటిదాన్ని, ఎవ్వర్నని అడ్డుకుందు?” దారిన పోయేవాళ్లంతా కంది కొమ్మలు విరుస్తుంటే ఆమె మాత్రం ఏం చేస్తుంది. ఆమె తప్పేమీ లేదనిపించింది.

తర్వాత నా కడుపు వైపు చూసి, “ఎన్నో నెలనే బిడ్డా? ఉడి నింపనీకి ఎవరొస్తరు?” అని అడిగింది. ఒడిని ఇక్కడ ఉడి అంటారు. మా అమ్మ రావాలి, కాని రాదు అన్నాను. ఎందుకు రాదో కూడా చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఆమె వొళ్లో పడ్డ పూరేకులు దులుపుకుని, “ఉడి బియ్యం పట్టుకోని తల్లి వస్తుంటే కంప అడ్డం పెడ్తనా? గంత పాపం నాకద్దు. రమ్మను. నా చేతుల్తోనే గుంజేస్త. ఆమె యాడ అడుగేస్తె ఆడ్నే మీ రాళ్లు పరుసుకోండ్రి. ఒక్క మనిషి నడిచెటంత. పక్క మొక్క ముట్టద్దు” అన్నది. లేచి రెండడుగులు వేసి మళ్లీ తిరిగింది. “ఆమె రాకుంటె మాత్రం కంప గట్లనే ఉంటది” అన్నది.

మొగులప్ప తాతకు చెబితే సరేనన్నాడు. ఆ బాటన పోయే ప్రతి మనిషీ రాయి మీదే నడవాలని, మేకల మూతులకు చిక్కాలు కట్టాలని అందరితో ఒప్పించాడు. ఇక చూడు, నాతో ఎప్పుడూ మాట్లాడనివాళ్లు కూడా బావి దగ్గర ఆపి “మీ అమ్మ ఎప్పుడొస్తది?” అని అడుగుతున్నారు. నెత్తిన బరువుతో వాగు చుట్టూ తిరిగే ఆడవాళ్లయితే నీ మోకాళ్ల నొప్పికి మందు కూడా చెబుతున్నారు. మా అత్తమ్మ అప్పుడే గోడకు సున్నం తెప్పించింది.

తాండూరు దాకా బస్సులో రండి, అక్కడ రైలెక్కండి. రైలు దగ్గరికి నీ అల్లుడు వస్తాడు. నాయిన నేసిన పాత గొంగడి ఒకటి తీసుకురా, పొద్దున చలిగా ఉంటున్నది. కోపం కూడా తెచ్చుకో, పరవాలేదు, ఇక్కడికొచ్చాక నన్ను తిట్టుకోవచ్చు. నాయినకు నా మొక్కులు, చిన్నమ్మకు నా మొక్కులు చెప్పండి. తమ్ముణ్ణి అడిగానని చెప్పు. కాదు, వాడే కదా చదువుతున్నది.

అమ్మా, ఇక్కడ వీళ్లందరికీ ఆ బాట కావాలి. నాకు మాత్రం బాట పడినా పడకపోయినా నువ్వొస్తే చాలు.

నీ దీవెన కోసం కొంగు పట్టుకుని ఉన్న
మల్లమ్మ