నీళ్ల బండికి రెక్కలు

మైపాడు

రేవతీ, నేను క్షేమం, దిగులుపడొద్దు. నీ కాన్పయ్యేదాకా నేను సముద్రంలో కాలు పెట్టకూడదన్న అత్తయ్య మాట దాటలేదు.

నిన్న మా రిసార్టులో ఉన్న, నీళ్లమీద నిలబడి తోలే జెట్ స్కీకి, బయటినుంచి తెప్పించిన స్పాన్సన్లు రెండు పక్కలా రెక్కల్లాగా బిగించాను. మలుపులో బండి బోల్తాపడకుండా అవి నీళ్లను పట్టుకుంటాయి. నీళ్లు లోపలికి దూరకుండా బోల్టుల చుట్టూ పూసిన సీలెంట్ ఆరేదాకా పక్కనే కూర్చున్నాను. పొద్దున నాతో పనిచేసే ఫ్రెడ్డీ తోలి చూశాడు. నేను తయారుచేసిన బండి నేనెక్కకుండానే ఎండలో వెండిగీత గీసుకుంటూ పోయింది. ఒరిగింది, పడలేదు. "చేత్తో పట్టుకున్నట్టే ఉండాదన్నా!" అని అరుస్తూ వచ్చాడు ఫ్రెడ్డీ. నాకేమో నీ కడుపులో బిడ్డ ఈదుతున్నట్టే అనిపించింది. అట్లా ఒడ్డున నీళ్లకేసి ఎంతసేపు చూస్తూ నిలబడ్డానో.

ఐరన్ మాత్రలు మానొద్దు. మామయ్యకు దగ్గు తగ్గిందా? నా నీలం చొక్కా అక్కడే ఉందా?

ఇంకొక్క మాట. అట్లా నిలబడి ఉండగానే ఒక అల ఒడ్డెక్కి వచ్చి నా పాదాలు తడిపి పోయింది. అత్తయ్యా, ఈ కార్డు ముందు మీరే చదువుతారు కాబట్టి మీకే చెబుతున్నా: నేను దిగలేదు, సముద్రమే వచ్చింది.

మీ పెంచలకృష్ణ