అరోన్ వేసుకున్న సిలువ గుర్తు

కిష్‌పటక్,
18 అక్టోబరు 1937, సోమవారం

అమ్మకు,

ముందు యేసుక్రీస్తుకు స్తోత్రం, తర్వాత నీ చేతికి నా ముద్దు. మేమంతా కులాసా. ఆల్‌బుఖారా పళ్ళ జామ్ పొయ్యి మీద ఉంది. లేచి కలుపుతూ, మళ్ళీ కూర్చుని రాస్తున్నాను. అందుకే అక్షరాలు ఇలా ఉన్నాయి.

నిన్న ఇక్కడి ప్రొటెస్టెంటు గుడిలో గొడవైంది. మా పెళ్ళప్పుడు ఆనవాయితీ ప్రకారం ఒప్పుకున్నాం కదా, మగపిల్లలు తండ్రి గుడికి, ఆడపిల్లలు తల్లి గుడికి అని. అందుకే ఆదివారాలు యుదిత్‌ని తీసుకుని నేను కొండ దాటి మన క్యాథలిక్ గుడికి వెళ్తాను. అరోన్ వాళ్ళ నాన్నతో, తాతతో ఇక్కడే ఉంటాడు. నిన్న పాస్టరుగారు ఆమెన్ అనగానే, ముందు వరసలో ఉన్న అరోన్ తీరిగ్గా నుదురూ గుండే భుజాలూ తాకి సిలువ గుర్తు వేసుకున్నాడట. వాళ్ళల్లో ఎవరూ అలా వేసుకోరు. వెనక బెంచీలోంచి ఎవరో, "పెద్దాయనా, మీ ఇంట్లో రోము పోపుగారు ఎప్పుడు దిగారు?" అన్నారట. గుడంతా నవ్వులట.

మావయ్య ఇంటికొచ్చి టోపీ కూడా తీయలేదు. "నా మనవణ్ణి దొంగచాటుగా మీ వైపు లాక్కుంటున్నావా? నువ్వు మాట తప్పాక నేనెందుకు నిలబెట్టుకోవాలి? వచ్చే ఆదివారం నుంచి యుదిత్ కూడా మాతోనే" అన్నారు. నేను నేర్పలేదమ్మా. నిజంగా నేర్పలేదు. మా ఆయన కూడా, "నువ్వు కాకపోతే ఇంకెవరు?" అన్నాడు. అదే ఇంకా గుచ్చుకుంటోంది. ఉప్పు ఎక్కువైనా ఊరుకోని అత్తయ్య మాత్రం తలెత్తకుండా బంగాళాదుంపల చెక్కు తీస్తూ కూర్చుంది.

వసంతంలో యుదిత్ మన గుడిలో మొదటి దివ్యసత్ప్రసాదం తీసుకోవాలి. తెల్లగౌను సగం కుట్టాను. ఇక కుట్టాలా, విప్పాలా? "అమ్మా, పరలోకంలో కూడా తమ్ముడూ నేనూ వేరే వేరే గుళ్ళకి వెళ్ళాలా?" అని అడిగిందది. పిల్లల్ని దేవుడి దగ్గరికి చేయిపట్టి నడిపించాలనుకున్నాను. తీరా చూస్తే తలో చెయ్యీ పట్టి లాగుతున్నాం.

మావయ్య పాస్టరుగారితో మాట్లాడటానికి వెళ్ళారు. గేటు చప్పుడైతే చాలు, లేచి నిలబడుతున్నాను. నువ్వైనా ప్రార్థించు.

నీ కూతురు,
బోర్బాలా

తా.క. కవరు అంటించబోతుంటే మావయ్య వచ్చి, "యుదిత్‌ని చేర్చుకోవడానికి పాస్టరుగారు సరేనన్నారు" అన్నారు. కూరలు తరుగుతున్న అత్తయ్య కత్తి పక్కన పెట్టి, "అరోన్‌కి నేర్పింది నేను" అంది. అత్తయ్య కూడా మనలాగే క్యాథలిక్ ఇంట్లో పుట్టిందట! నాకెవరూ చెప్పలేదు. "నలుగురూ కొడుకులే పుట్టారు, నలుగుర్నీ మీ గుడికే ఇచ్చాను. కొండ దాటడానికి తోడు ఒక్క ఆడపిల్ల లేక నేనే మానేశాను. వాణ్ణి నిద్రపుచ్చుతుంటే నా చెయ్యి దానంతటదే నా నుదుటికి పోయింది. వాడు చూసి నేర్చుకున్నాడు. ఈ ఒక్క పిల్లనైనా వదిలెయ్యండి" అంది. మావయ్య టోపీ తీసి కూర్చున్నారు. అత్తయ్య నా వైపు తిరిగి, ఆదివారం ఆ కొండ ఎక్కితే తన మోకాళ్ళు తట్టుకుంటాయంటావా అని అడిగింది. ఈలోగా జామ్ మాడిపోయింది. అత్తయ్యే లేచి గిన్నె దించింది.