రెండు టిక్కుల మధ్య

బాబాయ్,

తెనాలిలో అందరం బాగున్నాం. హైదరాబాద్‌లో కోఠీ ఎలక్ట్రానిక్స్ కొట్ల వైపు వెళ్ళినప్పుడు నాకొక నాబ్, అదే, రేడియోకి ఉండే తిప్పుడు మీటలాంటిది, కొనిపెట్టాలి. నువ్వు ఏదో ఒకటి తెచ్చేస్తావని భయం, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

బాపట్ల కాలేజీలో నా ప్రాజెక్టు ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె. కామేశ్వరి అత్తయ్య చేతిసంచిలో పట్టేంత చిన్నది. ఇక్కడ దొరికిన నాబ్ తిప్పితే ఒక్కో టిక్కుకి అర శ్రుతి మారుతుంది. ఇంతకన్నా సన్నని తేడా ఎవరికి కావాలి అనుకున్నాను.

గొంతు ఆపరేషనయ్యాక అత్తయ్య పాట ఊసే ఎత్తడం లేదు కదా! ఐదున్నర శ్రుతిలో పాడిన మనిషి. ఊరికే చూడమని పెట్టె చేతికిచ్చాను. ముందుకి తిప్పింది, వెనక్కి తిప్పింది. ఆ టిక్కుటిక్కులకి తొడమీద చెయ్యి దానంతటదే తాళం వేసేస్తుంటే విసుక్కుంది. చివరికి, "ఈ రెండు టిక్కుల మధ్య ఉన్నానే నేనిప్పుడు. నీ పెట్టెలో నాకు చోటేదే?" అంది. అని, ఆ లేని చోటే సన్నగా 'స' పట్టింది.

శ్రుతి కొలిచే మీటరు పెట్టి చూశాను. నాలుగుకీ నాలుగున్నరకీ నడుమ, నిజంగానే!

ఈ నాబ్‌తోనే ఒక్కో టిక్కుకి మారే మెట్టు చిన్నది చేస్తే తిప్పితిప్పి ఆవిడ చెయ్యి పడిపోతుంది. లోపల వెలుతురుతో లెక్కపెట్టే నాబులున్నాయట, చుట్టుకి వందల మెట్లట. బొటనవేలంత సైజులో వస్తాయా? వెలుతురు ఎలా లెక్కపెడుతుందో కూడా అడిగి రా.

కొనేముందు చెవి దగ్గర పెట్టుకుని తిప్పు. టిక్కుమంటే వద్దు. అది నోరు మూసుకుంటేనే మీ అక్క నోరు విప్పుతుంది.

నీ అన్న కూతురు