ఎడమవైపు టేపు

ఆదివారం, మధ్యాహ్నం

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, మీ బావా, నా కుట్టుమిషనూ ముగ్గురం క్షేమం. మిషనుకి నూనె వేస్తే ఊరుకుంటోంది, నా మోకాళ్లే ఏం వేసినా ఊరుకోవడం లేదు. నువ్వూ మరదలూ మేనకోడలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. పిల్ల గౌను కొలతలు పంపమని రెండుసార్లు అడిగాను. ఊళ్లో పొలాలన్నీ కొలుస్తావుగానీ సొంత కూతురి నడుము కొలిచే తీరిక లేదు నీకు.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటి అనుకుంటున్నావు కదూ. ఫోనులో నీ ఒకనాటి జతగాడు నిచ్చెన పేరెత్తగానే నీకు సిగ్నల్ పోతుంది. ఈ నెలలోనే మూడుసార్లు పోయింది. ఉత్తరాన్ని మధ్యలో కట్ చెయ్యలేవు. చింపితే చింపుతావు, కానీ చింపేముందు చదువుతావు. టేపు డబ్బాల మీది అట్టలు సైతం వెనకవైపు తిప్పి చదివే మనిషివి నువ్వు.

అవును, నిచ్చెన గురించే. మొన్న మంగళవారం నా టైలరింగు కొట్టుకి వచ్చాడు, పాంటు అంచు విప్పి పొడుగు చెయ్యమని. ఆరడుగుల మూడంగుళాల మనిషికి రెడీమేడ్ పాంటు ఎక్కడ సరిపోయి చచ్చింది గనక. గుమ్మంలో ఉండగానే పలకరించాను, పలకలేదు. ఏం టెక్కురా అనుకున్నాను. కొలత తీసుకుంటూ ఎదురుగా నిలబడి అడిగితే, నా పెదాలకేసి చూసి జవాబిచ్చాడు. అప్పటికిగానీ నా మట్టిబుర్రకి ఎక్కలేదు. ముప్పై ఏళ్లకు పైగా అచ్చాఫీసులో యంత్రం పక్కన నిలబడ్డాడు కదా, కుడి చెవి ఎప్పుడో పోయిందట. ఇప్పుడు ఎడమ చెవి లోపల ఏదో పెరుగుతోందట. వచ్చే గురువారం ఆపరేషన్. తియ్యకపోతే ప్రాణానికే ముప్పట, తీస్తే వినికిడి మిగులుతుందో లేదో చెప్పలేమన్నారట. ఇదంతా గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. లేకపోతే పాంటు తీసుకుని వెళ్లిపోయేవాడు.

ఈలోగా ఏమైనా వినాలనుందా అని అడిగాను. అడిగాక నాలుక కరుచుకున్నాను. వాడు తాపీగా, ఆఖరి కచేరీ టేపులు రెండూ పక్కపక్కన పెట్టుకుని, ఎడమవైపుదీ బాల్కనీదీ, మీ తమ్ముడు పక్కన కూర్చుని సెకన్లు లెక్కపెడుతూ నన్ను సతాయిస్తుంటే, ఆ అయిదో పాట ఒక్కసారి వినాలనుందక్కా అన్నాడు. వెంటనే, వాడికి చెప్పొద్దు, జాలిపడి వస్తే నాకు నచ్చదు అని కూడా అన్నాడు. నేను తలూపాను. ఇప్పుడు చెబుతున్నాను.

ఆ రోజులు నువ్వు మరిచిపోయావంటే నేను నమ్మను. ఆ నలుగురు గడ్డాలవాళ్ల బ్యాండు పాటలంటే మీ ఇద్దరికీ ఎంత పిచ్చి. బజార్లో అమ్మే రికార్డులు మీకు ఆనేవి కావు. హాల్లో జనం మధ్య ఎవరో కోటు కింద రికార్డింగు మిషను దాచుకుని, ముచ్చెమటలు కక్కుతూ పట్టుకొచ్చిన దొంగటేపు కావాలి మీకు. దగ్గులతో, ఈలలతో, పక్కవాడి కబుర్లతో సహా. ఒకే కచేరీకి మూడు టేపులు సంపాదించి, ఏది స్టేజీకి దగ్గర, ఏది కాపీకి కాపీ, ఎవరి మిషను కాస్త వేగంగా తిరిగింది అని తేల్చేదాకా మీకు అన్నం సహించేది కాదు. సర్వే ఆఫీసులో ఉద్యోగం వచ్చాక నువ్వు మరీ పేట్రేగిపోయావు. పొలానికి గొలుసు లాగినట్టు పాటకి స్టాప్‌వాచ్ పట్టేవాడివి. మీ కోటుకి లోపలి జేబు కుట్టింది నేను. కాలరు మడతలో మైకు అమర్చింది నేను. డబ్బాల మీద తేదీలు గుండ్రంగా రాసిందీ నేనే. ఏ ఊరి కచేరీకైనా టిక్కెట్లు మాత్రం ఎప్పుడూ రెండే కొనేవారు.

ఆ ఆఖరి కచేరీ శనివారం సాయంత్రం. నాన్న తుంటి విరిగి మంచంలో ఉన్నారు. ఆ పూట ఆయన దగ్గర ఉండాల్సింది నేను. నేనప్పుడు పనిచేసే కొట్టులో ఇరవై జతల యూనిఫారాలు ఆరోజే ఇచ్చి తీరాలి, యజమాని కదలనివ్వడం లేదు అని నీకు కబురు పంపాను. నువ్వు గొణిగావుగానీ ఉండిపోయావు. నువ్వు లేకుండా నేను మాత్రం ఎందుకని నిచ్చెన కూడా వెళ్లనన్నాడు. నెల తిరక్కుండా ఆ గడ్డాలవాళ్లు నలుగురూ నాలుగు దారులు పట్టారు. ఇక కచేరీ లేదు. మన ఊరికొచ్చిన ఒక్క కచేరీ, నువ్వు నాన్నకి గంజి తాగిస్తూ పోగొట్టుకున్నావు.

రెండేళ్లకి ఆ టేపు వచ్చింది. అప్పటిదాకా నీ దగ్గర బాల్కనీ టేపూ, గోడ పక్కన పట్టిన మొద్దు టేపూ ఉండేవి. పట్టిందెవరో తెలియని ఈ మూడోది, స్టేజీకి ఎడమవైపు నుంచి, అద్దంలా ఉంది. నువ్వు రెండు రోజులు సెలవు పెట్టావు. మూడో రోజున ఆ సన్నటి కీచు పట్టుకున్నావు, నిమిషానికోసారి. మెట్లమీంచి పడ్డప్పటినుంచి మన మిషను చేసే కీచు. కచేరీ జరిగిన వారం మిషను నిచ్చెన దగ్గరుంది. ఇంకేముంది, తిన్నగా వాడింటికెళ్లి అడిగావు. వెళ్లలేదన్నాడు వాడు. అయితే మిషను దానంతటదే నడిచివెళ్లిందా అన్నావు. వాడు నేలకేసి చూశాడు. ఇరవై నాలుగేళ్లు, తమ్ముడూ. మీ బావ మందుల పెట్టె ఎక్కడుందో మరిచిపోతారుగానీ, ఆరోజు నువ్వు తిరిగొచ్చిన ముఖం ఇప్పటికీ మరిచిపోలేదు.

అన్నీ కొలిచావుగానీ రెండు సంగతులు కొలవలేదు నువ్వు. నిచ్చెన పట్టిన ఏ టేపు వేసినా మొదటి పాటకే వాడి కూనిరాగం వినిపిస్తుంది. నోరు కట్టేసినా ముక్కుతో పాడతాడు. ఎడమవైపు టేపు రెండు గంటల పది నిమిషాల్లో కూనిరాగం ఒక్కటి చూపించు నాకు. రెండోది, వాడు పట్టిన టేపుల్లో ధ్వని జనం తలలమీంచి వస్తుంది, ఎవరు లేచినా అడ్డు రారు. ఇందులో మూడో పాటకి ముందువాళ్లు లేవగానే మొత్తం మొద్దుబారిపోతుంది, దుప్పటి కప్పినట్టు. అది పట్టింది పొట్టి మనిషి. వాడు పట్టినవీ, ఇదీ నీ దగ్గరే ఉన్నాయి, ఇప్పుడే వేసుకుని చూడు.

వాడు కాదు తమ్ముడూ. నా మాట నమ్ము. ఎడమవైపుదీ బాల్కనీదీ, ఆ టేపులు రెండూ సంచిలో వేసుకుని బుధవారం లోపల బయలుదేరు. జాలిపడి వచ్చానని చెప్పకు, పాత తగాదా తేల్చుకోవడానికి వచ్చానను, వాడికి అదే ఇష్టం. ఎడమవైపే కూర్చో, వాడికి వినపడేది అటే.

మరదలికి ఆశీస్సులు. పిల్లకి ముద్దులు.

ఇట్లు,
నీ మంచి కోరే
అక్క

తా.క. : కవరుకి జిగురు రాసి కూడా అంటించలేకపోయాను. నీ సంగతి నాకు తెలియదా? పొట్టి మనిషెవరు, నీకెలా తెలుసు అంటూ ఇంకో ఉత్తరం రాస్తావు, ఈలోపు గురువారం వెళ్లిపోతుంది. అందుకని రాస్తున్నాను. ఆ టేపు పట్టింది నేను.

యూనిఫారాలు శుక్రవారమే ఇచ్చేశాం. రెండు నెలల ముందే నేను విడిగా ఒక టిక్కెట్టు కొనుక్కున్నాను. మీరు ఒక్కసారైనా, అక్కా నువ్వూ రా అంటారేమోనని చూశాను, అనలేదు. మిషనుతో సహా కోటు బుధవారం నుంచీ మా కొట్టులోనే ఉంది, లోపలి జేబు చిరిగితే కుట్టమని నిచ్చెన తెచ్చిచ్చాడు. శనివారం నాలుగింటికి, తాము వెళ్లడం లేదని చెప్పి కోటు తీసుకుపోదామని వచ్చాడు. నేను ఆ కోటు తొడుక్కుని అద్దం ముందున్నాను. చేతులు వేళ్లదాకా వేలాడుతున్నాయి. వాడు ఆ కోటు చేతులు పైకి మడిచి, మిషనులో ధ్వని కొలిచే ముల్లు ఎక్కడుండాలో చూపించి, చప్పట్లు కొట్టకు, కూనిరాగం తియ్యకు అని చెప్పాడు. ఎవరికీ చెప్పనని మాటిచ్చి, ఇంటికెళ్లిపోయాడు. కచేరీకి రాలేదు. నీతో చెప్పింది అక్షరాలా నిజం.

రెండేళ్లు బీరువాలో దాచాను. ఎవరో ఒకరు బాగుందంటే వినాలనిపించి, పేరు రాయకుండా టేపులు పంచేవాళ్లకి ఒక కాపీ పోస్టులో వేశాను. అది చివరికి నీ దగ్గరికే వచ్చింది. ఎవరో గానీ చెయ్యి వణకని మనిషి, ఇలాంటివాడు మన జట్టులో ఉంటే ఎంత బాగుండేది అన్నావు. నేను పక్కనే గుండీలు కుడుతున్నాను. చెప్పేద్దామని నోరు తెరిచాను. పాట అవలేదని నువ్వు వేలెత్తి ఊరుకోబెట్టావు. ఆ ఊరుకున్న క్షణంలోనే నీకు కీచు వినిపించింది.

మర్నాడు నిచ్చెన దగ్గరికి పరుగెత్తాను, నిజం చెప్పేస్తానని. వద్దన్నాడు. చెబితే వాడికి అక్క పోతుంది, చెప్పకపోతే స్నేహితుడు పోతాడు, స్నేహితుడు ఇంకొకడు దొరుకుతాడులే అన్నాడు. నాకూ అదే కావలసి, సరేనన్నాను. నీకు ఇంకొకడు దొరకలేదు. వాడికీ దొరకలేదు. ఇద్దరి ఇళ్లకీ వస్తూ పోతూ ఆ సంగతి చూస్తూనే ఉన్నాను, చూస్తూ కూడా నోరు విప్పలేదు. పిరికిదాన్ని.

తిట్టాలనుంటే గురువారం తర్వాత తిట్టు. నేను వింటాను, నా చెవులు రెండూ బాగానే ఉన్నాయి. ముందు వాడి దగ్గరికి వెళ్లు.