కవోర్ నోరు, పెళ్లి బీరు

సెప్టెంబర్ 14, 1994. జుల్ఫా, ఇస్ఫహాన్

రెండో దఫా బీరు కూడా పోయింది. ఏ సీసా మూత తీసినా వెనిగర్ కంపు. అన్నీ కాలవలో పారబోశాం. అక్క అర్పిక్ పెళ్లి అక్టోబర్ 21న. మొలకకట్టి ఎండబెట్టిన బార్లీ ఇంకొక్క దఫాకే ఉంది. అక్క కాలవ పక్కనే కూర్చుని ఏడ్చింది.

పక్కింటావిడ దిష్టి అంటారు మావాళ్లు. దిష్టి కాదు, క్రిమి! అని అరిచాను. పెళ్లింట్లో ఆ మాటలేంటే, నోరు కడుక్కో అంది అమ్మ.

కడుక్కోవాల్సింది నేనా?

సెప్టెంబర్ 15

మా ఆర్మేనియన్ల క్లబ్ లైబ్రరీలో దొరికిన బీరు తయారీ కరపత్రం అందరికీ చదివి వినిపించాను. కడగడం వేరు, క్రిమిని చంపడం వేరు. కాచి చల్లార్చిన బార్లీ రసాన్ని తాకే ప్రతిదానికీ రెండూ జరగాలి. తాతల కాలంలో కరపత్రాలున్నాయా అన్నాడు నాన్న. తాతల కాలంలో సగంమంది పిల్లలు బతికేవాళ్లే కాదు అన్నాను. చెప్పు విసిరాడు. తగల్లేదు.

బీరు పులియబెట్టే బకెట్‌ని వెలుతురులో పట్టి చూస్తే లోపలంతా గీతలు. అమ్మ పీచుతో తోమిన గీతలు. క్రిములకి ఇళ్లు కట్టించి ఇచ్చాం!

సెప్టెంబర్ 17

కొత్త బకెట్. పాతదాని కుళాయి విప్పితే లోపల జిగురు. అన్నీ తోమి బ్లీచ్ నీళ్లలో నానబెట్టాను. తర్వాత కాచిన నీళ్లతో కడిగాను, లేకపోతే బీరు ఆసుపత్రి వాసన కొడుతుంది. రసం కాచి, చల్లార్చి, ఈస్టు వేసి మూత బిగించాను. ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. ఊపిరి పీల్చుకోవచ్చా సిర్వార్డ్ జాన్, లేక దానికీ పర్మిషన్ కావాలా అని నన్ను అడిగింది అక్క. మాలో జాన్ అంటే బంగారం అని, వెటకారానికైనా సరే.

సెప్టెంబర్ 26, సాయంత్రం

రేపు సీసాల్లోకి తోడాలి. అన్నీ కాచాను. ఒక్కటి తప్ప. గాలుస్త్ కవోర్ నోరు!

మా అక్కచెల్లెళ్లిద్దరినీ ఎత్తుకుని బాప్తిస్మం ఇప్పించిన పెద్దమనిషి ఆయన, మా భాషలో కవోర్. పెళ్లికీ ఆయనే పెద్ద. మా ఇంట్లో పెళ్లి బీరు తోడేటప్పుడు, కుళాయి ఉన్నా సరే, ట్యూబు చివర నోట పెట్టుకుని మొదటి గుటక లాగి పారించే గౌరవం కవోర్‌ది. పోయిన రెండు దఫాలూ ఆయనే లాగాడు. అదీ వెల్లుల్లి ఊరగాయ నములుతూ. ఆ నోట్లోంచే కదా పులుపు!

సెప్టెంబర్ 27

అడిగేశాను. ముందు వోడ్కాతో పుక్కిలించండి కవోర్ జాన్ అన్నాను, మర్యాదగానే. ఆయన ఎర్రబడిపోయాడు. చర్చిలో నిన్ను ఎత్తుకున్నప్పుడు నా కొత్త కోటంతా పాడుచేశావే, అప్పుడు నేను కరపత్రం చదివానా అన్నాడు. ఇంకో కవోర్‌ని వెతుక్కోండని టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

కవోర్ లేకుండా పెళ్లేంటి? అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. న్యాయం మాట్లాడినందుకు!

సెప్టెంబర్ 28

బీరు ఆగుతుంది. పెళ్లి ఆగేలా ఉంది.

సెప్టెంబర్ 29

అక్క నన్ను మంచం మీంచి లాగి కూర్చోబెట్టింది. ఆయన నోరు పెట్టేది ట్యూబు చివరే కదా, ఆ చివర మనకెందుకే పిచ్చిదానా అంది. పొట్టి ముక్క ఒకటి కోసి పొడుగు ట్యూబుకి తగిలించాలి. ఆయన లాగాక, పొడుగుదాన్ని నొక్కిపట్టి ముక్క ఊడబీకేయాలి. అంతే.

కరపత్రంలో ఇది లేదు. అక్క కరపత్రాలు చదవదు.

కవోర్ ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాను. ఊరగాయ తినిపించాడు. తిన్నాను.

సెప్టెంబర్ 30

ముక్కకి అక్క ఎరుపు, ఆకుపచ్చ పెళ్లి దారం చుట్టింది. ఇది మీకోసమే కవోర్ జాన్ అంది. ఆయన కళ్లు తుడుచుకుని లాగాడు. గుటక ఆయన నోటికి చేరగానే ట్యూబు నొక్కాను, ముక్క పీకేశాను. దాన్ని ఆయన జేబులో దాచుకున్నాడు.

అక్టోబర్ 14

ఒక సీసా తీశాను. పులుపు లేదు. బార్లీ, హాప్స్ పూల చేదు, అంతే. మేడ మీదికెళ్లి ఒక్కదాన్నే గంతులేశాను.

అక్టోబర్ 21

కవోర్ గ్లాసెత్తి లేచాడు. ఆ రెండుసార్లూ నా మనసు బాగోలేదు, ఈసారి ప్రాణమంతా పెట్టి లాగాను, అందుకే ఈ రుచి అన్నాడు. చప్పట్లే చప్పట్లు! నాన్న అయితే ఈల కూడా వేశాడు. నేను లేవబోయాను. బల్ల కింద అక్క మడమ నా కాలి మీద పడింది. కేకు కోసేదాకా నోరు తెరవకు అంది.

అక్టోబర్ 29

కేకు కోసి వారం దాటింది. వసంతంలో ఇంకో పెళ్లికి గాలుస్త్ కవోర్‌నే పిలిచారట, ఊపిరి మంచిదని. ట్యూబు పట్టుకోడానికి నన్ను రమ్మన్నాడు.

వెళ్తాను. ముక్క ఇంకాస్త పొడుగ్గా కోస్తాను.