రెండు ముక్కలూ తెరిచి ఉండే బల్ల

రెనో,
ఫిబ్రవరి 1983

చిరంజీవి క్లేటన్‌కు అమ్మ దీవెనలు. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. మంచు పడిన రోజు మీ నాన్న మోకాలు నొప్పంటాడు, ఎండ కాసిన రోజు ఆ సంగతే ఎత్తడు. నువ్వు పంపిన సాల్మన్ చేప అందింది. సగం ఆయనే తినేశాడు, అదీ నిలబడే.

నీ ఉత్తరంలో రెండు విషయాలు అడిగావు. మీ కోడియాక్ రేవులో ముసలి కెప్టెన్ తన చేపల పడవలో వాటా అమ్ముతానంటున్నాడు, కొననా అన్నావు. కొను. ఇన్నేళ్ళు చలిలో వలలు లాగి కూడబెట్టింది అందుకేగా. రెండోది, మా క్యాసినోలో కొత్తగా పెట్టిన బ్లాక్‌జాక్ పేకాట బల్ల గురించి. పంచేవాళ్ళ ముక్కలు రెండూ తెరిచే ఉంటాయట, మే నెలలో వచ్చి ఆ బల్ల దగ్గర కూర్చుంటాను, డబ్బు రెట్టింపు చేసి వాటా ఏం ఖర్మ, పడవంతా కొంటాను అని రాశావు.

ముక్కలు తెరిచి ఉండే మాట నిజమే. పెట్టిన రోజు నుంచీ ఆ బల్ల మీద పంచింది నేనే. ఎదుటివాళ్ళ ముక్కలు కనబడుతుంటే ఓడిపోవడం ఎలాగని అందరికీ అనిపిస్తుంది, అందుకే అక్కడ కుర్చీ దొరకదు. ఇరవై ఒకటి దాటకుండా దానికి దగ్గరగా వచ్చినవాడిదే గెలుపన్నది ఇక్కడా మారలేదు. అయితే అలా ఇచ్చిన వెసులుబాటును వెనక్కి లాక్కోవడానికి వేరే షరతులున్నాయి. మొదటి రెండు ముక్కల్లోనే ఇరవై ఒకటి పడితే మామూలు బల్ల మీద పందానికి ఒకటిన్నర రెట్లు ఇస్తాం. ఇక్కడ కాసినంతే ఇస్తాం. ఇక ఇద్దరికీ సమానమైతే మామూలుగా నీ పందెం నీకు తిరిగొస్తుంది. ఇక్కడ అది క్యాసినోకి పోతుంది.

మొన్న ఐడహో నుంచి ఒక బంగాళాదుంపల రైతు భార్యతో వచ్చాడు. అతనికి రెండు రాజులు, అంటే ఇరవై. నాకూ ఇరవై, కళ్ళెదుటే ఉంది. అతను చాలన్నట్టు చెయ్యి ఊపి వెనక్కి వాలాడు. నేను పందెం తీసేసుకున్నాను.

"అదేంటమ్మా! సమానమేగా?"

"ఇక్కడ సమానమైతే మాదేనండీ. బల్ల మీద రాసుంది."

"అయితే ఇరవై చేతిలో పెట్టుకుని ఇంకో ముక్క అడగమంటావా? పిచ్చోణ్ణనుకున్నావా?"

"అడగాలండీ. ఊరుకుంటే ఎలాగూ పోతుంది. అడిగితే ఆసు పడి ఇరవై ఒకటి కావొచ్చు."

అతని భార్య అందుకుంది. "ఈయన దారి తప్పితే దారే అడగడు, ముక్క అడుగుతాడా!"

అందరూ నవ్వారు. తర్వాత మళ్ళీ అదే పరిస్థితి వస్తే అతను మళ్ళీ ఆగిపోయాడు.

దీనికి తలకిందులుగా కూడా ఆడాలి. నా ముందు పదిహేను కనిపిస్తే, నేను ఇంకో ముక్క తీయక తప్పదు, తీస్తే ఇరవై ఒకటి దాటి ఓడిపోయే అవకాశం ఎక్కువ. అప్పుడు నీ దగ్గరున్న పదుల జంటను విడదీసి రెండు పందాలు కాయాలి. మామూలు బల్ల మీద ఆ పని చేసేవాణ్ణి మూర్ఖుడంటాం. ఇవన్నీ తప్పు లేకుండా పాటించేవాడి దగ్గర ఈ బల్ల నూటికి ఒక డాలరు లోపే తీసుకుంటుంది. పాత అలవాటుతో ఆడేవాణ్ణి నిలువునా ఒలిచేస్తుంది. నీది పాత అలవాటే. వంటింట్లో చిక్కుడు గింజలు పందెం కాసి నేర్పింది నేనేగా. పదిహేడు వస్తే ఆగమన్నాను, పదుల జంట ముట్టుకోవద్దన్నాను. ఇప్పుడు కొత్త పద్ధతి రాసి పంపితే నేర్చుకుంటావు, నాలుగు పందాలు పోగానే మర్చిపోతావు.

వద్దంటే వినవు. అందుకని పోయిన వారం మా మేనేజరు మెర్ల్ గదికి వెళ్ళి నీ ఫోటో ఆయన ముందు పెట్టాను.

"మా అబ్బాయి సార్. వీణ్ణి లోపలికి రానివ్వకండి."

"ఏం, తాగి గొడవ చేస్తాడా?"

"లేదండీ, ఉన్నదంతా పోగొట్టుకుంటాడు."

మెర్ల్ పగలబడి నవ్వాడు. "పోగొట్టుకునేవాళ్ళని గెంటేస్తే మనమేం తింటాం వెర్నా? తీసుకురా, భోజనం కూడా మన ఖాతాలోనే పెట్టిద్దాం."

ఆయన చెప్పింది నిజమే. ఈ ఊళ్ళో తలుపు మూసేది గెలిచేవాళ్ళకే. అందుకే మాట మార్చి చెప్పాను, పడిన ముక్కలన్నీ వీడు మనసులో లెక్కపెట్టుకుని ఇంకా ఏవి మిగిలాయో కనిపెడతాడని, మన బల్లను ఖాళీ చేయడానికే వస్తున్నాడని. మెర్ల్ నవ్వు ఆగిపోయింది.

సాయంత్రానికల్లా నీ ఫోటో ఊళ్ళో క్యాసినోలన్నిటికీ వెళ్ళింది. అలాంటి కొడుకున్న తల్లి చేత ముక్కలు పంచనివ్వరు. మర్నాడే నన్ను మానిపించారు. ఇప్పుడు బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో కాఫీలు అందిస్తున్నాను. బాధగా లేదని చెప్పను. ఆ పని నాకు ఇష్టం, నా చేతులకు వచ్చిన పని అదొక్కటే. మీ నాన్నకు కారణం తెలియదు, నువ్వూ చెప్పకు.

నీకు కోపం వస్తుంది, రానీ. పడవలో వాటా మాత్రం కొను. మే నెలలో వస్తే తిన్నగా ఇంటికి రా, ఇంకెక్కడా నిన్ను గుమ్మం ఎక్కనివ్వరు. నీ అంత ఆటగాడు ఈ రాష్ట్రంలోనే లేడని చెప్పి వచ్చాను మరి. పుట్టినప్పటి నుంచీ నిన్ను నేను అంతగా పొగిడింది అదొక్కసారే, అదీ అబద్ధం.

ఇట్లు,
మీ అమ్మ
వెర్నా