మాట వెళ్లి వచ్చేలోపు

మార్చి 3
రాకెట్ లేచింది. ఉపగ్రహం విడిపోయింది, మా కంట్రోల్ రూముకు సిగ్నల్ అందింది. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ఇంటికొచ్చి అలవాటుకొద్దీ వంటగదిలోకి వెళ్లి చెప్పబోయాను. అక్కడున్నది అత్తయ్య. ఆవిడకే చెప్పాను. అయితే మన పిల్లతో మాట్లాడొచ్చా అల్లుడుగారూ అన్నారు. ఇప్పుడే కాదన్నాను. మరి చప్పట్లెందుకు అన్నారు.

మార్చి 4
మా అమ్మాయి దూరాన ఒక ద్వీపంలో డాక్టరు. అక్కడికి కేబుల్ లేదు. పాత ఉపగ్రహం మూగబోయాక ఫోన్లూ లేవు. వాళ్లమ్మ పోయిన కబురు దానికి పడవలో వెళ్లింది. జవాబూ పడవలోనే వచ్చింది. ఎలా పోయిందో కాగితం మీద వద్దు, ఫోన్ వచ్చాక నీ నోటితో చెప్పు అని.

మేమిద్దరం నేరుగా మాట్లాడుకున్నది తక్కువ. ఒకరు మొదలుపెట్టగానే రెండోవారు అడ్డుపడతాం. నా మాట దానికి, దాని మాట నాకు నా భార్యే చేరవేసేది. కాస్త తగ్గించి, కాస్త కలిపి.

మార్చి 9
ఇంజిన్ విడతలవారీగా మండించి పై కక్ష్యకు చేర్చాం. ఇక భూమితోపాటే తిరుగుతుంది. ద్వీపం నెత్తిన కదలకుండా నిలబడ్డట్టే.

సాయంత్రం
ఒక సోలార్ రెక్క తెరుచుకుంది, రెండోది తెరుచుకోలేదు. ఒక్క రెక్క కరెంటు ఫోన్లకు చాలదు. మా డైరెక్టరు మీసాలాయన మళ్లీ కమాండ్ పంపమన్నాడు. మళ్లీ, మళ్లీ. కాలింగ్ బెల్ కాదు సార్ అన్నాను. అందరూ నవ్వారు. నేను జోకు వేసి చాలా రోజులైంది.

మార్చి 10
రెండో రెక్క కీలు నీడలో పడి చలికి బిగుసుకుంది. ఉపగ్రహాన్ని పక్కకు తిప్పి ఎండ తగలనిద్దామన్నాను. తెరుచుకున్న రెక్కకు ఎండ తప్పి ఈలోపు బ్యాటరీ దిగిపోతే మొత్తం పోతుందని మీసాలాయన భయం.

సీసా మూత రాకపోతే నేను బలం చూపించేవాణ్ణి. నా భార్య లాక్కుని వేడినీళ్ల కింద పెట్టేది. ఆయనకు అదే చెప్పాను. వాళ్లావిడా అంతేనట. లెక్కలు తిరగేసి సరే అన్నాడు.

మార్చి 11
తెరుచుకుంది.

మార్చి 28
పరీక్షలన్నీ అయ్యాయి. రేపు ద్వీపానికి మొదటి కాల్.

మాట అంత పైకెళ్లి దిగాలి, కాబట్టి చెప్పి ఆగాలి, తొందరపడితే ఇద్దరి మాటా పాడవుతుందని అత్తయ్యకు వివరించాను. మీ తండ్రీకూతుళ్ల కోసమే చేయించినట్టున్నారే అన్నారు.

మార్చి 29
నాన్నా అంది. ఆగాను. అదీ ఆగింది. లైను తెగిందనుకుని ఆపరేటరు హలో హలో అన్నాడు. తెగలేదు, ఉండవయ్యా అన్నాను.

తర్వాత వాళ్లమ్మ సంగతి మొదటినుంచి చెప్పాను.